తల ఎత్తి కట్టిన గుర్రాలు

నీ గుర్రం ఊపిరి నువ్వు ఎప్పుడైనా విన్నావా? నీళ్లు పెట్టి, మెడ నిమిరి, కొట్టంలో నిలబెట్టి విన్న సంగతి నేను అడగడం లేదు. కాళ్ల కింద తిరిగే పట్టా మీద, పదో నిమిషంలో, నోట నురగ కారుతూ, అంగకొక ఊపిరి చొప్పున అది ప్రాణాన్ని లాక్కుంటున్నప్పుడు విన్నావా అంటున్నాను. వినలేదు. నాకు తెలుసు. తొమ్మిదేళ్లు నేనూ వినలేదు. వినకుండానే తీర్పులు చెప్పాను.

నా పేరు తీతయ్య. తూర్పుపేట గుర్రపుశాలకు ‘చెవి’ని. గుర్రం డొక్కకు చెవి ఆనించి దాని ఊపిరి మంచిదో మాసిందో తేల్చేవాణ్ణి మన కప్పు కింద అలాగే పిలుస్తారు కదా. ఆదివారం గ్రంథం విప్పి వాక్యం చెప్పేదీ నేనే. బడి ముఖం చూడలేదు. అక్షరాలు గ్రంథంలోనే దిద్దుకున్నాను. గుర్రాల సంగతి అట్ట ఊడిపోయిన ఒక పాత పశువైద్యం పుస్తకంలో నేర్చుకున్నాను. ఇది నా రోజువారీ రాత. మిగతా మూడు పేటల గుర్రాలవాళ్లకు రాసింది రాసినట్టే పంపుతున్నాను. నా సిగ్గు కూడా ఇందులోనే ఉంది, ఒక్క ముక్క చెరపలేదు.

సోమవారం

కప్పు మీద బూడిద ఊడ్చేవాళ్ల చీపుళ్ల చప్పుడుకు లేచాను. మూడు రోజులుగా బయట బూడిదగాలి ఆగలేదు. పగలు కూడా అద్దాల్లోంచి పసుపునీళ్ల రంగు వెలుతురే దిగుతోంది. గాలిగుమ్మి ముల్లు నలభై దగ్గర ఉంది. ఎవరూ పొయ్యి ఎక్కువసేపు మండించకపోతే పేటకు శనివారం దాకా గాలి సరిపోతుంది. శనివారం మళ్లీ గుర్రాలు పట్టా తొక్కాలి, పట్టా పంకాలను తిప్పాలి, పంకాలు గుమ్మిని నింపాలి. అందరికంటే ఎక్కువ నింపిన పేట ఆ వారం గెలిచినట్టు.

ఎనిమిది గుర్రాలకు నీళ్లు పెట్టాను. తొమ్మిదో కొట్టం కస్తూరిది. మొన్న శనివారం గంట లేని పరుగులో పడిపోయింది. మామూలు గుర్రానికి పన్నెండో నిమిషంలో గంట కొట్టి పట్టా ఆపుతారు. ఊపిరి మాసిందని నేను తొడ మీద సున్నం గీత గీసిన గుర్రానికి గంట ఉండదు. గుమ్మి నిండేదాకా పరిగెత్తాలి. నిండితే బతికినట్టు. ఈ ఏడాది అలా నేను గీసినవి ఏడు, ఒక్కదానికీ నిండలేదు. కస్తూరి తొమ్మిదో నిమిషంలో ముందు మోకాళ్ల మీద పడింది. పక్క గుర్రాలు తొక్కుతూనే ఉన్నాయి, పట్టా ఆగలేదు కాబట్టి మూతి ఎముక కనపడేదాకా అరిగింది. జనం వేయించిన శనగలు తింటూ చూశారు. నేను పైనుంచి దీవెన వాక్యం చదువుతూ చూశాను.

గవ్వ కొట్టం దగ్గరికి వెళ్లేసరికి దాని రౌతు సీయోనమ్మ కొంగుతో దాని ముక్కు తుడుస్తోంది. నన్ను చూసి కొంగు వెనక్కి దాచింది.

“ఏంటమ్మా దాచావు?”

“ఏం లేదయ్యగారూ. తవుడు అంటుకుంది.”

“తవుడు పచ్చగా ఉంటదా?”

సీయోనమ్మ గవ్వకూ నాకూ మధ్యకు జరిగింది. ఆమెకు నలభై ఏళ్లుంటాయి, నా అన్న వాళ్లెవరూ లేరు. గవ్వను ఈనుతూ దాని తల్లి చచ్చిపోతే, తడికాళ్ల పిల్లను ఒళ్లో పెట్టుకుని సీసాతో పాలు పట్టింది. ఏడేళ్ల నుంచి అదే ఆమె ఇల్లూ వాకిలీ. దాని పక్కనే గోనెపట్టా పరుచుకుని పడుకుంటుంది.

నేను డొక్కకు చెవి ఆనించాను. ఏమీ వినపడలేదు. నిలబడ్డ గుర్రం ఊపిరి అలాగే ఉంటుంది, గది అవతల ఎవరో పాదాలు ఈడ్చినంత మెల్లగా. అందుకని రబ్బరు సంచి దాని ముక్కుకు తగిలించి నిమిషం పట్టుకున్నాను. గుర్రం నోటితో ఊపిరి తీయలేదు, దేవుడు దానికి ముక్కు ఒక్కటే ఇచ్చాడు. గాలి చాలక అది లోతుగా లాగడం మొదలుపెట్టాక కింది పక్కటెముకల దగ్గర ఏదో తడిగా కదిలింది. సంచి తీయగానే రెండు సార్లు దగ్గింది.

సున్నం డబ్బా తెమ్మన్నాను.

“అయ్యగారూ, వద్దు. రెండు దగ్గులకే గీస్తారా? నాకు రోజుకు నాలుగు వస్తయ్. నన్నూ గీయండి.”

“ఊపిరి దేవుడిదమ్మా. మాసిన ఊపిరిని దాచడం పాపం.”

“మీరు నిలబెట్టి వింటారు, అది పరిగెత్తి చస్తది. ఒక్కసారి అది పరిగెత్తేటప్పుడు వినండి. అప్పుడు గీయండి, నేనే సున్నం కలిపి ఇస్తా.”

అప్పటికే గీశాను. గీసిన గీతను చెరిపే చట్టం నాలుగు పేటల్లోనూ లేదు. అయినా ఆమె మాట నాకు తగిలింది. రేపు పట్టా దగ్గర వింటానన్నాను. ఆమెను ఓడించాలని ఒప్పుకున్నాను, ఇంకే మంచి ఆలోచనా లేదు.

మంగళవారం

పుస్తకంలో ఉంది. గొంతులో ఎడమ పక్క తెర చచ్చుబడితే, పరుగులో ఊపిరి తీసుకునేటప్పుడు ఈల వస్తుంది. అంగిలి వెనక మెత్తటి తోలు పైకి లేచి దారికి అడ్డం పడితే, ఊపిరి వదిలేటప్పుడు గురగురమంటుంది. రెండూ పరుగులోనే, నిలబెడితే మాయం. ఈ పేజీ నేను ఎన్నోసార్లు చదివాను. పరిగెత్తే గుర్రం పక్కన బోర్లా పడుకోవడం బోధకుడికి మర్యాద కాదనుకుని పేజీ తిప్పేశాను.

ఇవాళ పడుకున్నాను. పట్టా పక్క చెక్క మీద పడుకుని, ఒక రబ్బరు గొట్టం కొస గవ్వ గొంతు కింద కట్టించి రెండో కొస నా చెవిలో పెట్టుకున్నాను. సీయోనమ్మ ఎక్కింది. మొదట నడక, తర్వాత చిన్న పరుగు, తర్వాత మూడు నిమిషాలు నిండు పరుగు. గిట్టల మోతకు పళ్లు కదిలాయి.

గొంతు శుభ్రంగా ఉంది. ఈల లేదు, గురగుర లేదు. ఖాళీ వెదురుబొంగులోంచి గాలి పోయినట్టు ఉంది.

మాసింది గొంతు కాదు. దిగాక పక్కటెముకల మీద వేళ్ల కణుపులతో తట్టి చూశాను. పైన డప్పులా మోగింది. మూరెడు కిందికి వచ్చేసరికి నిండు కుండను తట్టినట్టు చచ్చు మోత. రెండు పక్కలా అంతే. తట్టినప్పుడల్లా నొప్పికి చర్మం వణికింది. థర్మామీటరు పెడితే నూట మూడు. ముక్కులోంచి వచ్చే గాలి కుళ్లిన గుడ్డు వాసన.

అప్పుడే కోత దావీదు కత్తుల సంచి తగిలించుకుని వచ్చాడు. గీత పడ్డ గుర్రానికి మర్నాడు గొంతులో ఎడమ తెర కోసి దారి వెడల్పు చేసేది అతనే.

“ఏం పాస్టరుగారూ, నేలమీద పడుకున్నారు? గుర్రం తన్నిందా, దేవుడు తన్నాడా?”

“దావీదూ, దీని గొంతు బాగానే ఉంది. కోయొద్దు.”

“బాగున్న గొంతులు కోయడం నాకు కొత్తా ఏంటి?” అని నవ్వి, నా ముఖం చూసి నవ్వు మింగేశాడు. “అంటే... కస్తూరిది?”

“అదీ ఇట్లాగే ఉండి ఉంటది.”

“మిగతా ఆరు?”

నేను రబ్బరు గొట్టం చుట్ట చుట్టడం మొదలుపెట్టాను. అతను కత్తుల సంచి చంకలో పెట్టుకుని పట్టా అంచు మీద కూర్చున్నాడు. “కోయించింది మీరు, కోసింది నేను,” అన్నాడు. “గుర్రాలకు నోరుంటే మనిద్దరిలో ఎవణ్ణి ముందు పిలిచేవో.”

బుధవారం

జబ్బు గొంతులో లేదు, ఊపిరితిత్తుల అడుగున ఉంది. సరే. అక్కడికి ఎలా దిగింది? పొద్దున్నే మేత అంతా దులిపి చూశాను. బూజు లేదు. నీళ్లు నేనే తాగి చూశాను. బూడిద అందరి ముక్కుల్లోకీ ఒకేలా పోతోంది, మూడేళ్లుగా పట్టా ఎక్కకుండా పేట చివర దొడ్లో ఉన్న ముసలి గుర్రాలు కూడా పీలుస్తున్నాయి, వాటికి దగ్గు లేదు.

ఈ ఏడాది రాతలు తిరగేశాను. ఏడు గుర్రాలు, ఇప్పుడు గవ్వ. దగ్గు మొదలైన రోజులు వరసగా రాసుకున్నాను. శని, ఆది, సోమ. సోమ, ఆది, ఆది, శని. గవ్వది సోమ. ఒక్కటి కూడా బుధవారం జబ్బు పడలేదు, ఒక్కటి కూడా గురువారం పడలేదు. ఎనిమిదీ మంచి గుర్రాలు. కట్టిన చోట కదలకుండా నిలబడే గుర్రాలు.

ఇక్కడ రాయడానికి చెయ్యి రావడం లేదు. రాస్తాను.

తొమ్మిదేళ్ల కింద నేను ఒక ప్రసంగం చేశాను. తల దించి మట్టి నాకేది శాపం మోసే పాము, తల ఎత్తి నిలిచేది దేవుని సేన, అని చెప్పాను. మందిరం హోరెత్తిపోయింది. ఆ వారమే గురువారం సాయంత్రం నుంచి శనివారం పొద్దున దాకా మా గుర్రాల తలలు దూలానికి ఎత్తి కట్టించాను. గడ్డి కూడా ఎత్తులోనే పెట్టించాను. మూడు శనివారాలు వరసగా మేమే గెలిచాం. నాలుగో వారం పడమటిపేట కట్టింది. ఆరో వారానికి నాలుగు పేటలూ కట్టాయి. ఎత్తుకట్టు అని పేరు పెట్టి, పరుగులు నడిపే పట్టా సంఘం దాన్ని చట్టంలో రాసింది. నువ్వు ఇవాళ లాగుతున్న ఆ తాడు, సహోదరుడా, నా నోట్లోంచి వచ్చింది.

మధ్యాహ్నం మొండి కొట్టం ముందు నిలబడ్డాను. మొండి అంటే మా శాలలో బుద్ధిలేని గుర్రం. ప్రతి గురువారం తాడు కొరికేసి తల నేలకు దించి నిలబడుతుంది. ప్రతి గురువారం దానికి నేను మూడు కొరడా దెబ్బలు వేయిస్తాను. పదమూడేళ్ల వయసులో ఇప్పటికీ పన్నెండు నిమిషాలు పరిగెత్తి వచ్చి మేత అడుగుతుంది.

“అది తల దించి ముక్కు కార్చుకుంటదయ్యగారూ,” అంది సీయోనమ్మ వెనక నుంచి. “లోపలిదంతా కారిపోద్ది. పొద్దుటికి శుభ్రంగా ఉంటది. మిగతాయి తల దించలేవు, వాటిది లోపలికే జారుద్ది.”

“నీకు తెలుసా ఈ సంగతి?”

“కళ్లుండే వాళ్లందరికీ తెలుసు.”

“మరి చెప్పలేదే?”

“ఎవరికి చెప్పను? తల దించినోడు పాపి అని చెప్పింది మీరే. మొండి వీపు మీద దెబ్బలు వేయించింది మీరే. మూడేళ్ల కింద మన రౌతు పోలయ్య ఇదే అడిగితే, వాణ్ణి మందిరంలోంచి వెలేసింది ఎవరు?”

గ్రంథంలో ఒక ప్రవక్త ఉన్నాడు. దారిలో ఆగిపోయిన గాడిదను మూడుసార్లు కొట్టాడు. గాడిదకు కనపడ్డ దూత ఆయనకు కనపడలేదు. ఆ భాగం మీద నేను నాలుగు ఆదివారాలు ప్రసంగించాను. నాలుగు ఆదివారాలూ ఆ ప్రవక్తను వెక్కిరించాను.

గురువారం

పొద్దున గవ్వ మేత ముట్టలేదు. జ్వరం నూట నాలుగు. ఊపిరి వదలడానికి రెండుసార్లు పొట్ట నొక్కుకుంటోంది, డొక్క పొడవునా గీత పడుతోంది. నెల రోజులు తల కింద పెట్టుకుని, తడిపిన గడ్డి నేల మీద తిని, మందు పట్టిస్తే బతుకుతుంది. పుస్తకంలో మందు పేరుంది, దావీదు దగ్గర ఆ మందు సగం సీసా ఉంది. మొదటి సూది పొద్దున్నే వేశాడు.

సాయంత్రం ఎత్తుకట్టు గంట కొట్టారు. పట్టా సంఘం పెద్ద భూషణం స్వయంగా వచ్చాడు. గీత పడ్డ గుర్రం ఉన్న వారం అతను వస్తాడు. ఎనిమిది దూలాలకు ఎనిమిది తాళ్లు. సీయోనమ్మ నా చెయ్యి పట్టుకుంది. అలా ఎప్పుడూ పట్టుకోలేదు.

“దీని తాడొక్కటి వదిలెయ్యండయ్యగారూ. మిగతాయి మీ ఇష్టం. ఇదొక్కటి.”

“శనివారం మందిలో చెప్తానమ్మా. పరుగుకు ముందు నాకు మాట్లాడే వంతు ఉంది గదా. నాలుగు పేటలూ అక్కడే ఉంటయ్. ఒక్క మాటతో అన్ని తాళ్లూ తెగిపోతయ్.”

“శనివారానికి దీనికి ఊపిరుంటదా?”

“దేవుడు ఉంచుతాడు.”

ఆమె చెయ్యి వదిలేసింది. “ఆయన్నెందుకు మధ్యలోకి లాగుతారు? తాడు మీ చేతిలో ఉంది.”

భూషణం చూస్తున్నాడు. నేను గవ్వ దవడ కింద తాడు వేసి, దూలం మీదుగా లాగి ముడి వేశాను. బుద్ధిగా తల ఎత్తింది. చిన్నప్పుడు నేర్పింది నేనే. మొండికి మాత్రం ఎవరూ చూడకుండా వదులు ముడి వేసి వచ్చాను. నాకు రుజువు కావాలి అని లోపల చెప్పుకున్నాను. కట్టిన గుర్రం, కట్టని గుర్రం, పక్కపక్కన. మందికి చూపించడానికి.

నాకు కావలసింది రుజువు కాదు, వేదిక. తాడు చేతిలో ఉండి కూడా ప్రసంగం కోసం ఆగినవాణ్ణి ఏమంటారో నువ్వే చెప్పు.

శుక్రవారం

మధ్యాహ్నానికి కట్టిన ఏడు గుర్రాల్లో మూడింటికి ముక్కు తడిసింది. నిన్న వాటికి ఏమీ లేదు. మొండికి ఏమీ లేదు, నేల మీద పడ్డ గడ్డి ఏరుకుని తింటోంది. గవ్వ ముందుకాళ్లు ఎడంగా పెట్టి, మోచేతులు బయటికి తిప్పి నిలబడింది. డొక్క తగిలితే మూలుగుతోంది. తల దించాలని తాడును లాగి లాగి దవడ కింద చర్మం ఊడింది. సీయోనమ్మ బకెట్టు మీద ఎక్కి, ఆ తల బరువు తన భుజం మీద మోస్తోంది. ఎప్పటి నుంచి అని అడిగాను. బరువును రెండో భుజం మీదికి మార్చుకుంది.

భూషణం ఇంటికి వెళ్లాను. అన్నం తింటున్నాడు. అంతా చెప్పాను. గొంతులు, ఊపిరితిత్తులు, రోజులు, మొండి. అతను మజ్జిగ పోసుకుని శాంతంగా విన్నాడు.

“నిజమేనయ్యా తీతయ్యా. నువ్వు చెప్పేది నిజమే అయి ఉంటది.”

“అయితే ఈ రాత్రికే తాళ్లు విప్పించండి.”

“కూర్చో. గంట లేని పరుగు ఉన్న వారం గుమ్మి ఎంత నిండుద్దో తెలుసా? మామూలు వారం కంటే పావు ఎక్కువ. గంట ఉండదు గదా, పక్క గుర్రాలూ పన్నెండు నిమిషాలు దాటి తొక్కుతయ్. చచ్చే గుర్రం ఆగదు. ములుగర్ర పొడిస్తే ఇంకా ఆగదు. నీ ఎత్తుకట్టు లేకపోతే గీతలు ఎక్కడి నుంచి వస్తయ్?”

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

“మీకు తెలుసా?”

“నాకు గుర్రాల సంగతి తెలవదు. ముల్లు సంగతి తెలుసు.” చెయ్యి కడుక్కున్నాడు. “ఇంకో మాట విను, నీ మేలు కోరి చెప్తున్నా. గుర్రం విషయంలో తప్పు చెప్పావని ఒప్పుకుంటే, రేపు నువ్వు చెప్పే నరకాన్ని కూడా ఎవరూ నమ్మరు.”

“నమ్మకపోతే పోనీండి.”

“అట్టాగా? మాట్లాడుకో. నీ వంతు నీదే. నేను ఆపను.”

తలుపు దాకా వచ్చి సాగనంపాడు. ఆపనన్నవాణ్ణి చూసి నేను భయపడాల్సింది. సంతోషపడ్డాను. తిరిగి వచ్చి తాడు విప్పకుండా ప్రసంగం రాసుకుంటూ కూర్చున్నాను.

శనివారం

నాలుగు పేటల జనం. పిల్లల్ని భుజాలకెత్తుకుని వచ్చారు. నేను పట్టా పైన అరుగెక్కాను. గ్రంథం తెరవలేదు. తొమ్మిదేళ్ల కింద చెప్పింది అబద్ధమని చెప్పాను. ఎత్తుకట్టు గుర్రాలను చంపుతోందని, ఈ ఒక్క ఏడాదిలోనే ఏడు గుర్రాల నెత్తురు నా చెవి మీద ఉందని, మీ తాళ్లు కోసెయ్యండని అరిచాను. జీవితంలో అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు.

జనం శనగలు నములుతూ విన్నారు. తర్వాత ఎవడో వెనక నుంచి, “తూర్పుపేట గుర్రం ఓడిపోద్దని పాస్టరు ముందే ఏడుస్తున్నాడ్రోయ్!” అని కేక వేశాడు. అంతే. నవ్వు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పాకింది. శనగలు విసిరారు. మా మందిరం ముందు వరసలో కూర్చునే దీనమ్మ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. భూషణం ఎందుకు ఆపనన్నాడో అప్పుడు తెలిసింది.

అతను చెయ్యి ఊపాడు. పట్టా కదిలింది.

గవ్వను తోసుకొచ్చి ఎక్కించారు. సీయోనమ్మను రెండు చేతులూ పట్టుకుని పక్కకు లాగేశారు, గీత పడ్డ గుర్రం మీద రౌతు ఉంటే బరువు దండగ. నేను గొట్టం లేకుండానే విన్నాను, నాలుగు పేటలూ విన్నాయి. మొదటి నిమిషం అంగకొక ఊపిరి. రెండో నిమిషంలో ఆ లెక్క తప్పింది. అంగ ఒకటి, ఊపిరి అర. ములుగర్రతో పొడిచారు. మూడో నిమిషంలో ముక్కు రెండు రంధ్రాల్లోంచీ చీమూ నెత్తురూ కలిసి చిమ్మింది, ముందు వరస వాళ్లు బట్టలు దులుపుకుంటూ వెనక్కి జరిగారు. అప్పుడు దానికి తల దించాలనిపించింది. పరిగెత్తుతూనే తల కిందికి వంచింది, ఇంకా వంచింది. నాలుగో నిమిషంలో పడింది.

పట్టా ఆపలేదు. ముల్లు యాభై రెండు దాటిందని గుమ్మివాడు అరిస్తే జనం చప్పట్లు కొట్టారు.

పట్టా ఆగాక సీయోనమ్మ వెళ్లి గవ్వ పక్కన కూర్చుంది. నేను దిగి వెళ్లాను. మోకాళ్లూని ప్రార్థన మొదలుపెట్టబోయాను.

“లెయ్యండి,” అంది. “గురువారం అడిగాను మిమ్మల్ని. గురువారం మీకు మోకాళ్లు లేవా?”

ఆదివారం

నన్ను ‘చెవి’ పని నుంచి తీసేశారు. మందిరం తాళం కూడా అడిగి తీసుకున్నారు.

దావీదు ఎవరినీ అడక్కుండా గవ్వను కోశాడు. ముందు గొంతు తీసి నా ముందు పెట్టాడు. గులాబీ రంగులో, మచ్చ లేకుండా ఉంది. తర్వాత ఊపిరితిత్తులు. పై భాగం బాగానే ఉంది. కింది భాగం కుళ్లిన కాలేయంలా నల్లగా ఉంది, బొటనవేలు ఆనిస్తే దిగిపోయింది. ఎద ఖాళీలోంచి రెండు బకెట్ల పచ్చనీళ్లు తోడాడు. చేతులు కడుక్కుని కత్తుల సంచిలోంచి ఒక చిన్న కత్తి తీసి సీయోనమ్మకు ఇచ్చాడు. ఆమె తీసుకుని నడుముకు దోపుకుంది.

బుధవారం

సీయోనమ్మ మొన్నటి నుంచి కనపడలేదు. ఇవాళ పొద్దున పడమటిపేట శాలలో దూలాలకు వేలాడే ఆరు తాళ్లు ముక్కలై ఉన్నాయని తెలిసింది. సాయంత్రానికి ఆమెను పట్టుకున్నారు. పట్టా సంఘం కొట్టడిలో బంధించారు. కూర్చోనివ్వకుండా చేతులు రెండూ ఎత్తి దూలానికి కట్టారట, గుర్రానికి తప్పు కానిది మనిషికి ఎలా తప్పవుద్దని భూషణం అన్నాడట. జనం మెచ్చుకున్నారు.

గురువారం, పొద్దున

దావీదు ఈ కాగితాలు తీసుకుని మూడు పేటలూ తిరగడానికి సిద్ధంగా వాకిట్లో నిలబడ్డాడు. నేను సంఘం కొట్టడికి వెళ్తున్నాను. మాట్లాడటానికి కాదు, సీయోనమ్మ చేతుల తాడు కొయ్యడానికి. నా చేతిలోనూ ఒక కత్తి ఉంది.

మీకు చెప్పాల్సింది కొంచెమే. నాలుగు శాలల్లో కలిపి ఇవాళ సాయంత్రం ముప్ఫై ఒక్క గుర్రాల తలలు ఎత్తి కడతారు. నువ్వే కడతావు. కట్టకు. కట్టమని ఎవరైనా నీ పక్కన నిలబడితే, వాళ్లు వెళ్లిన మరుక్షణం కోసెయ్. గడ్డి నేల మీద వెయ్, తడిపి వెయ్. ముక్కు కారితే కారనీ, అది కారాలి. దగ్గే గుర్రాన్ని నిలబెట్టి తీర్పు చెప్పేవాణ్ణి, వాడు చెవి అయినా బోధకుడైనా, నమ్మకు. నువ్వు పరిగెత్తించి విను. గొంతు విను, తర్వాత పక్కటెముకలు విను, రెండు పక్కలా తట్టు.

ఎవరి అనుమతి కోసమూ చూడకు. ఆదివారం దాకా ఆగి నలుగురితో ఆలోచిస్తానని అనకు, మందిని ఒప్పిస్తానని అనకు, దేవుడు చూసుకుంటాడని మాత్రం అసలే అనకు. అవన్నీ నేను అన్నాను. గంట సాయంత్రం అయిదింటికి. ఇప్పుడు పొద్దున ఏడయింది. నీ చేతిలో పది గంటలున్నాయి. కాగితం కింద పెట్టు, కొట్టంలోకి నడు, మొదటి తాడు ఇప్పుడే కొయ్యి.